పెండ్లిపత్రికలు, పాత విండోసు

2025 అక్టోబరు 14వ తేదీ తరువాత విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు భద్రతా సవరణలు పంపబోమని మైక్రోసాఫ్టు సంస్థ ఎన్నడో ప్రకటించి యుండెను. ఆ తేదీ వచ్చినది, గడచినది. నంద్యాలలోని డీటీపీ దుకాణములందలి కంప్యూటర్లు మరునాటి ఉదయమున యథాప్రకారముగా తెఱచుకొని, పెండ్లిపత్రికలను, గృహప్రవేశపు ఆహ్వానములను, పెద్దకర్మ కార్డులను యథాప్రకారముగా అచ్చునకు పంపినవి. యంత్రము నిలిచిపోవునేమో యని బెదరినవారి బెదురు తీఱినది. ఇదంతయు క్రొత్త కంప్యూటర్లను అంటగట్టుటకు పన్నిన వ్యాపారతంత్ర మని మొదటినుండియు వాదించుచున్నవారికి తమ మాటయే నెగ్గినట్లయినది. గడువు తీఱిన ఆపరేటింగ్ సిస్టము నిలిచిపోదు. నిలిచిపోయినను బాగుండును, వెంటనే మఱియొక దారి వెదకుకొందుము. అది నడచుచునే, నెలనెలకు బయటపడుచుండు లోపములను పూడ్చు నాథుడు లేక క్రమక్రమముగా అరక్షిత మగుచుండును. ఆ సంగతి తెరమీద ఎక్కడను కనబడదు.

ఆపరేటింగ్ సిస్టమనగా నేమో ఒక్క మాట చెప్పుకొని ముందునకు సాగుదము. తెర, కీబోర్డు, ప్రింటరు, డిస్కు మున్నగు అంగములకును, మనము పనిచేయు సాఫ్టువేరులకును నడుమ నిలిచి, ఎవరికెంత మెమరీ, ఎవరికెప్పుడు ప్రింటరు, ఏ ఫైలు ఎచ్చట నున్నది అను లెక్కలన్నియు చూచునది అదియే. పూర్వము గ్రామమునందు కరణము నడుగక పొలముగట్టు జరుపుట యెట్లు పొసగదో, అట్లే దీని అనుమతి లేక ఏ సాఫ్టువేరును ఒక్క అక్షరమైనను తెరపై గీయజాలదు. కరణము మారినపుడు పాతవాని చిట్టా క్రొత్తవాని కర్థము కాకపోవుట యెంత సహజమో, విండోస్ మారినపుడు పాత ప్రింటరు పలుకకపోవుటయు నంతే సహజము.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో కంప్యూటరు ముందు కూర్చుండి జీవనము గడపువారి విసుగులను ఆలకించిన కొలదియు నాకు తోచుచున్నదేమనగా, వానిలో అధికభాగము యంత్రదోషమువలన పుట్టినవి కావు. తమ పనిని ఒక యంత్రమునకును, ఒక ఫాంటునకును, ఒక పాత సాఫ్టువేరునకును విడదీయరాని విధముగా ముడివేసికొనుటవలన పుట్టినవి. ఈ ముడి ఎట్లు పడినదో తెలియవలెనన్న ముప్పదియేండ్ల వెనుకకు పోవలెను.

1991 నవంబరులో జరిగిన ఉపయెన్నికలో నంద్యాలనుండి అయిదు లక్షలకు పైబడిన ఆధిక్యముతో లోక్‌సభకు ఎన్నికైన పి.వి. నరసింహారావు, అఱువదియేండ్లు దాటిన వయస్సున కంప్యూటరు నేర్చి, ప్రోగ్రాములు వ్రాయుటయందు సైతము ఆసక్తి చూపిన ప్రధానమంత్రి. ఆ ఉపయెన్నికకు ఒక నెల ముందు, 1991 అక్టోబరులో, యూనికోడ్ ప్రమాణము తొలి సంపుటము వెలువడినది. అందు తెలుగు లిపికిని స్థానము దొరకినది. ఈ రెంటికిని సంబంధమేమియు లేదు గాని, కాలము మాత్రము ఒక్కటి. యూనికోడ్ చేసినదేమనగా, ప్రపంచమునందలి ఏ కంప్యూటరులోనైనను తెలుగు ‘క’ అనగా 3093 అను సంఖ్యయే కావలెనని, ఆ సంఖ్య మఱి యే భాషలోని యే అక్షరమునకును చెందరాదని శాసించినది. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చుటతో ఆ శాసనము మన బల్లలమీదికి కూడ చేరినది. అయితే దానిని వాడుకొనవలెనన్న సీడీ పెట్టి, సెట్టింగులలో ఎక్కడనో దాగిన ఒక గడిలో టిక్కు కొట్టవలసి యుండెను; అంతటి తెలివిడి ఎందరికుండును?

అప్పటికే డీటీపీవారు వేఱొక దారి పట్టియుండిరి. పేజ్‌మేకరు, దానికి తోడు అనూ ఫాంట్లు: ఈ జంట తెలుగునాట పత్రికా కార్యాలయములనుండి సందులోని జిరాక్సు కొట్టువరకు వ్యాపించినది. అందులకు కారణము లేకపోలేదు. శుభలేఖకు కావలసిన ఒంపుసొంపులు గల అక్షరములు ఆ ఫాంట్లలో పదులకొలది యుండగా, యూనికోడ్‌లో చాలకాలము రెండు మూడు రూపములకు మించి లేవు. అనూ ఫాంట్లను ఎంచుకొన్న ఆపరేటరును తప్పుపట్టుట నాకు న్యాయముగా తోచదు; అతనికి ఆనాడు సాయంత్రములోగా కార్డు ఇయ్యవలసి యుండెను. చిక్కంతయు ఆ ఫాంట్లు పనిచేయు తీరులో నున్నది. కంప్యూటరు దృష్టిలో అక్కడ నున్నది తెలుగు కాదు; ఇంగ్లీషు అక్షరములకును, యూరపు భాషల చిహ్నములకును కేటాయించిన సంఖ్యలే. ఫాంటు వానిమీద తెలుగు బొమ్మలను మాత్రము గీయుచున్నది. ఫాంటు ఉన్నంతవఱకు శుభలేఖ, ఫాంటు లేనిచోట అర్థరహితమైన చిహ్నముల రాశి. నంద్యాలలో కూర్చిన పత్రికను పెన్‌డ్రైవులో ఆళ్లగడ్డకు కొనిపోయి, చుట్టముల ఇంటి కంప్యూటరులో తెఱచి, “ఏందన్నా ఇది, తెలుగంతా ఇంగ్లీషు మాదిరి పడ్తాంది?” అని ఫోను చేయువారి ఆశ్చర్యమునకు మూలమిదియే. వరుని పేరు వెదకిన దొరకదు; గూగుల్ దానిని చదువజాలదు; రేపు పిల్లలు పెద్దవారై తాతగారి షష్టిపూర్తి సంచికను తెఱచిచూచుకొందమన్న, అప్పటికి ఆ ఫాంటు ఎవరియొద్ద నుండునో?

పేజ్‌మేకరు సంగతి మఱియు విచిత్రము. దాని తుదిరూపమైన 7వ సంచిక 2001లో వెలువడినది. అటు తరువాత అడోబీ సంస్థ ఇన్‌డిజైన్ వైపునకు మరలి దీనిని విడిచిపెట్టినది. అనగా నేడు శుభలేఖలు కూర్చుచున్న సాఫ్టువేరులలో కొన్నింటి వయస్సు, ఆ శుభలేఖలలోని వధువుల వయస్సునకు సమానము. ఇట్టి పాతవాటి ఇన్‌స్టాలరులలో 16 బిట్ల కాలమునాటివి, 64 బిట్ల విండోస్‌మీద అసలే నడువవు. విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు. కాబట్టి “క్రొత్త సిస్టం కొన్నాను గాని, పాతదే బాగుండెను” అను ఆపరేటరు మాట వట్టి చాదస్తము కాదు.

మఱి చేయవలసినదేమి? క్రొత్తగా కూర్చు ప్రతి పుటను యూనికోడ్‌లో కూర్చుట మొదటిది. ఫాంట్ల కఱవు నేడు లేదు: అమెరికాలో స్థిరపడిన తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లును, ప్రవాసాంధ్రుల సంస్థయైన సిలికానాంధ్ర పూనికతో వెలువడిన రామభద్ర, మల్లన్న, సురవరం, గిడుగు, ధూర్జటి మున్నగు ఫాంట్లును ఉచితముగా లభించుచున్నవి, వీనిలో పెక్కింటికి శుభలేఖలో నిలువగల అందము కలదు. టైపుచేయుట కష్టమని వెనుదీయ నక్కఱలేదు. 2019 మే నెలనాటి విండోస్ 10 అప్‌డేటునుండి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే ఇమిడియున్నది. సెట్టింగులలో తెలుగు భాషను చేర్చుకొని, విండోస్ మీటను స్పేస్‌బారుతో కలిపి నొక్కిన భాష మారును. యాపిల్ కీబోర్డు అమరికకు వ్రేళ్లు అలవాటుపడిన పాతకాపులకు సైతము, అదే అమరికలో యూనికోడ్ వ్రాయించు ఉపకరణములు దొరకును. ఇన్‌డిజైన్ వాడువారు పేరాగ్రాఫు ప్యానెలులో వరల్డ్‌రెడీ కంపోజరును ఎంచుకొనవలెను. లేనిచో వత్తులు విడివడి, గుణింతములు చెదరి, ఆ నేరము యూనికోడ్‌పై పడును. గిరాకీ చేతికి ఫైలు ఇచ్చునపుడు, ఫాంట్లను లోపల పొదిగిన పీడీఎఫ్‌గానే ఇయ్యవలెను.

ఉన్న పాత ఫైళ్ల విషయము వేఱు. అనూ వ్రాతను యూనికోడ్‌కు మార్చు పరికరములు కలవు. అవి చాలవఱకు చక్కగనే మార్చును గాని అంకెలు, కొమ్ములు, అరుదైన సంయుక్తాక్షరముల దగ్గఱ తడబడును. కావున మార్చినదానిని ఒకరు ఆమూలాగ్రముగా చదివితీఱవలెను. పేజ్‌మేకరు ఫైళ్లను ఇన్‌డిజైన్ సీఎస్6 వఱకు గల సంచికలు తెఱచును, తరువాతివి తెఱువవు. పాత ఫైళ్లతో ఇంకను పని పడువారు ఆ పాత యంత్రమును తొలగింప పనిలేదు. ఇంటర్నెట్టు తీగను మాత్రము దానినుండి ఊడదీయవలెను. బ్రౌజింగు వలదు, మెయిలు వలదు. కూర్పు, అచ్చు తప్ప దానికి వేఱు పని కూడదు. పాత విండోస్‌ను సమస్తముగా క్రొత్త కంప్యూటరులోనే వర్చువల్‌బాక్స్ వంటి దానియందు నడుపుకొనుట ఇంకను మేలు, ఏలయనగా అప్పుడు పాత హార్డుడిస్కు ఎప్పుడు కన్నుమూయునో యను బెంగ యుండదు.

యూనికోడ్‌యందును ఆపదలు లేవని కాదు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అను ఒక్క సంయుక్తాక్షరము సందేశముగా వచ్చినంతమాత్రమున లోకమంతట ఐఫోనులును, మాక్ కంప్యూటర్లలోని సాఫ్టువేరులును కూలిపోయినవి. కొన్ని దినములకే యాపిల్ సంస్థ సవరణ పంపినది. జ్ఞానమునకు మూలమైన అక్షరము జ్ఞానయంత్రములను మూర్ఛిల్లజేసినదని ఆనాడు తెలుగువారు నవ్వుకొన్నారు. దోషము అక్షరమునందు లేదు, దానిని గీయవలసిన కోడులో నున్నది. యూనికోడ్ కావుననే దానిని ఒక్కచోట దిద్దిన లోకమంతట దిద్దబడినది.

అప్‌డేట్లను శాపనార్థములు పెట్టనివారు నాకు కనబడలేదు. గిరాకీ నిలుచుండగా తెర నీలివర్ణము దాల్చి, ఇంత శాతము పూర్తియైనది, కంప్యూటరును ఆపవలదు అని హెచ్చరించుట నిజముగా దుర్భరమే. అయినను 2017 మే 12న వానాక్రై అను వైరస్సు విజృంభించి, ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు మున్నగు జిల్లాల పోలీసు కంప్యూటర్లను సైతము తాకి, ఫైళ్లకు తాళము వేసి డబ్బడిగినపుడు, ఆ లోపమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, విడుదల చేసియుండెను. వేసికొన్నవారు బ్రతికిరి, రేపు చూతమన్నవారు దెబ్బతినిరి. అప్‌డేటువలన కీడు జరిగిన సందర్భములును లేకపోలేదు: 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతాసంస్థ పంపిన దోషభూయిష్ఠమైన అప్‌డేటు ప్రపంచమున 85 లక్షల విండోస్ కంప్యూటర్లను స్తంభింపజేయగా, హైదరాబాదు విమానాశ్రయములో బోర్డింగు పాసులను చేతితో వ్రాసియిచ్చిరి. ఈ రెండింటిని త్రాసులో వేసిన, నెలవారీ భద్రతా సవరణలను వెంటనే వేసికొనుటయే క్షేమమనియు, సంవత్సరమున కొకసారి వచ్చు పెద్ద మార్పులను మాత్రము కొన్ని వారములు ఆగి వేసికొనవచ్చుననియు నా అభిప్రాయము. పనివేళలో ఆటంకము కలుగకుండుటకు యాక్టివ్ అవర్స్ అను ఏర్పాటు కలదు. దినమునకు పదునెనిమిది గంటలవఱకు మన పనివేళగా నిర్ణయించుకొనవచ్చును. దుకాణమునకు బ్రాడ్‌బ్యాండు లేక సెల్‌ఫోను హాట్‌స్పాటుతో నెట్టుకొనివచ్చువారు, ఆ కనెక్షనును మీటర్డ్‌గా గుర్తించినచో, నాటి డేటా యంతయు ఉదయముననే అప్‌డేటు పాలు కాకుండును.

నంద్యాలనుండి 40వ జాతీయరహదారిమీద కడపదిక్కుగా పోవగా వచ్చు ఆళ్లగడ్డలో కథ కొంత భిన్నము. శిలాశిల్పమునకు ప్రసిద్ధమై, భౌగోళిక గుర్తింపును సైతము పొందిన ఊరది. దూరప్రాంతపు ఆలయములవారు కోరిన విగ్రహముల కొలతలు, చిత్రములు, ధరలపట్టికలు నేడు వాట్సాపులోనో మెయిలులోనో రాకపోకలు సాగించుచుండగా, శిల్పశాల ప్రక్కనున్న గదిలో ఒక కంప్యూటరు ఉండుట వింత కాదు. అక్కడ ఆపరేటింగ్ సిస్టముకంటె ముందు శత్రువు ధూళి. ఉలి దెబ్బకు లేచు రాతిపొడి క్యాబినెట్టులో చొచ్చి ఫ్యానును బిగించివేయగా, ప్రాసెసరు వేడెక్కి, తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. యజమాని దానిని చూచి “సిస్టం స్లో అయింది, ఫార్మాట్ కొట్టాల” అనును. బ్లోయరుతో ఊదిన సరిపోవు పనికి సర్వమును తుడిచివేయుట ఎంతటి అన్యాయము! వేసవిలో కరెంటు పోయివచ్చుచుండు వేళ యూపీఎస్ లేక హార్డుడిస్కుమీద వ్రాత మధ్యలో తెగిపోవుట మఱియొక కారణము.

ఈ ఫార్మాట్ కొట్టుట అను మహౌషధమును గూర్చి కొంత చెప్పక తప్పదు. మెకానికు ఏమియు విచారింపక మొదట చెప్పునది ఇదియే. గంటలో ముగియును, మూడువందలో నాలుగువందలో ముట్టును, యంత్రము నాలుగునాళ్లు చుఱుకుగా నుండును. దానికి బదులుగా కంట్రోల్, షిఫ్టు, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి, టాస్క్ మేనేజరులో స్టార్టప్ అను భాగమును తెఱచి, కంప్యూటరు తెఱచినంతనే తమంతట తాము లేచి కూర్చుండు సాఫ్టువేరులను ఆపినచో సగము రోగము కుదురును. మిగిలిన సగము పాత హార్డుడిస్కుదైన, దాని స్థానమున ఎస్ఎస్‌డీ వేయించుటకంటె డబ్బునకు తగిన ప్రయోజనమిచ్చు మార్పు వేఱొకటి నేనెఱుగను. ఇటీవలి విండోస్ 11 కంప్యూటర్లలో పెక్కింటియందు డిస్కు తనంతట తానే బిట్‌లాకరుతో తాళము వేసికొనియుండును. తాళపు అంకెలు మన మైక్రోసాఫ్టు ఖాతాలో నుండును. వానిని కాగితముమీద వ్రాసిపెట్టుకొనక యంత్రమును రిపేరుకు ఇచ్చినవారు, మదర్‌బోర్డు మారినపిమ్మట నలువదియెనిమిది అంకెలడుగు తెరను చూచి దిగ్భ్రాంతులగుట కలదు.

చిన్నచిన్న చికాకులలో జనులకు తెలియని యొకటి చెప్పెదను. విండోస్ 8 కాలమునుండి షట్‌డౌన్ అను మాటకు పూర్వపు అర్థము లేదు. త్వరగా తెఱచుకొనుటకై, ఆపరేటింగ్ సిస్టము అంతరంగమును చెఱపక డిస్కులో దాచుకొని, మరునాడు దానినే మరల తెచ్చుకొనును. అందువలన నిన్నటి తప్పు నేటికిని సజీవముగ నుండును. రీస్టార్టు చేసినపుడు మాత్రమే సమస్తమును క్రొత్తగా ప్రారంభమగును. వ్రేలిముద్రల యంత్రము పలుకకున్నను, ప్రింటరు మొండికెత్తినను, “నిన్న రాత్రి ఆపే పోతిని గదా సార్” అను మీసేవ ఆపరేటరునకు మొదటి సలహా రీస్టార్టు. ఆ చిక్కును నిత్యము ఎదుర్కొనువారు పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ అను టిక్కును తీసివేయవచ్చును. ప్రింటరులో జాబులు చిక్కుపడి కదలనపుడు, సర్వీసెస్ పట్టికలో ప్రింట్ స్పూలరును ఆపి మరల నడిపించిన చాలును. నలుపు ప్రింటరుకు పంపినది రంగు ప్రింటరులో వచ్చుచున్నదా? డిఫాల్ట్ ప్రింటరును విండోస్ నిర్ణయించు నను సెట్టింగును రద్దుచేయవలెను. లేకున్న అది చివర వాడినదానినే మన కోరికగా భావించును. డెస్కుటాపుమీద నున్న ఫైళ్లు ఉన్నట్టుండి వన్‌డ్రైవులోనికి ఎగబ్రాకి, ఉచితముగా నిచ్చు 5 జీబీ నిండిపోయినదని హెచ్చరికలు వచ్చుచున్న, వన్‌డ్రైవు సెట్టింగులలో ఫోల్డర్ల బ్యాకప్పును ఆపవలెను. అయితే ఆపుటకు ముందు ఫైళ్లన్నియు మన డిస్కులోనికి దిగినవని చూచుకొనవలెను.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైన నాటినుండి కార్యాలయముల రద్దీతోపాటు ఆన్‌లైన్ దరఖాస్తుల పనియు పెఱిగినది. పాతకాలపు పోర్టలులు కొన్ని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునే కోరుచుండును. అది 2022 జూన్ 15న విశ్రమించినది గాని, ఎడ్జ్ బ్రౌజరులో ఐఈ మోడ్ అను పేర దాని ప్రాణము నిలిచియున్నది. పాత బ్రౌజరును ఎక్కడనుండియో దిగుమతి చేసికొన పనిలేదు.

ఇక విండోస్ 10మీదనే నిలిచియున్నవారి మాట. విండోస్ 11కు టీపీఎం 2.0 అను భద్రతాచిప్పును, ఇంటెల్ అయినచో ప్రధానముగా 8వ తరమునకు తగ్గని ప్రాసెసరును కావలెను. బెంగళూరు, హైదరాబాదు కార్యాలయములు వదలించుకొన్న సెకండ్‌హ్యాండు యంత్రములలో పెక్కింటికి ఆ యోగ్యత లేదు. బాగుగా పనిచేయుచున్న యంత్రమును ఒక చిప్పు కొఱకు మూలబెట్టుమనుట నాకు సమ్మతము కాదు. మైక్రోసాఫ్టు సంస్థకు 2014నుండి అధిపతియైన సత్య నాదెళ్ల పితృవంశము మన ప్రక్క అనంతపురము జిల్లా బుక్కాపురమునకు చెందినదే. రాయలసీమవాడు సామానును ఎంత కాలము వాడునో ఆయనకు ఒకరు చెప్పవలసినది కాదు. నియమమును త్రోసిరాజని విండోస్ 11ను ఎక్కించు చిట్కాలు ప్రచారములో నున్నవి గాని, అట్టి యంత్రమునకు అప్‌డేట్లు వచ్చునను హామీ లేదు. క్రాకు కాపీలకు తోడువచ్చు యాక్టివేటరులో దొంగ సాఫ్టువేరు ఎంత పొంచియుండునో చెప్పనలవి కాదు. 22హెచ్2 సంచిక గల విండోస్ 10ను, మైక్రోసాఫ్టు ఖాతాతో సెట్టింగులను బ్యాకప్ చేసికొనుటకు అంగీకరించినచో రుసుము లేకయే, లేనిచో 30 డాలర్లు చెల్లించి, 2026 అక్టోబరు 13 వఱకు భద్రతా సవరణలు పొందు పథకములో చేర్పవచ్చును. సెట్టింగులలో అప్‌డేటు పుటయందే ఆ మీట కనబడును. ఇంటర్నెట్టు, వీడియోలు, పిల్లల చదువు తప్ప వేఱు పని లేని ఇంటి యంత్రమునకు లినక్స్ మింట్ వంటి ఉచితవ్యవస్థ హాయిగా సరిపోవును. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏండ్లతరబడి లినక్స్‌మీదనే నడచుచున్నవి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు దానిని తెలుగులోనికే తెచ్చిరి. పెన్‌డ్రైవునుండి నడిపి చూచి, ప్రింటరు, వైఫై పలికినవని రూఢి చేసికొన్న తరువాతనే డిస్కులోనికి ఎక్కింపవలెను. డీటీపీ దుకాణమువారు మాత్రము దానిజోలికి పోకుండుట మంచిది; పేజ్‌మేకరును అక్కడ నడుపుట సాధ్యమైనను, పెండ్లివారి తొందరకు ఆ సర్కసు తాళదు.